రెండు గదుల అమీర్ సాబ్

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే. హృదయాలను ఒకదానికొకటి దగ్గర చేసేవాడు ఆయనే. అవి విడిపోయినప్పుడు వాటి మధ్య ఎంత దూరం ఉందో సరిగ్గా ఎరిగినవాడూ ఆయనే. మేము ఆయన్నే అడుగుతాం. మా అడగడంలో ఉన్న వంకరను క్షమించమని కూడా ఆయన్నే వేడుకుంటాం. ఆయన అంతిమ ప్రవక్తపైన, ఆ ప్రవక్త ఇంటివారిపైన, ఆయన వెంట నడిచినవారిపైన శాంతీ శుభాలూ కురుస్తూ ఉండుగాక.

ఈమధ్య ఒక రోజు ఫజర్ నమాజు ముగించి జానమాజు చాప మడత పెడుతుంటే, ఒకే మనిషి మరణవార్త నా ఫోన్‌కు రెండుసార్లు వచ్చింది. ఒకటి రియాద్‌లోని మలాజ్ పేట వాళ్ళ గ్రూపులో హమీద్ భాయ్ పెట్టింది. ఇంకొకటి అదే ఊళ్ళోని బత్హా పేట గ్రూపులో ఖాదర్ పెట్టింది. ఆ రెండు గ్రూపుల వాళ్ళు ఒకరి గ్రూపులో ఒకరు ఉండరు. నేను మాత్రం రెండింటిలోనూ ఉన్నాను. ఇద్దరూ రాసింది ఒకే మాట: మన అమీర్ సాబ్ బురైదాలో అల్లాహ్ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ "మన" అనే మాట దగ్గర నా చూపు చాలాసేపు ఆగింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. నలుగురిలో తన పేరు పలికితే ఆయనకు ఇబ్బందిగా ఉండేది. పేరు నివాస కార్డు ఇఖామా మీద ఉంది కదా, అది చాలదా అనేవాడు. మాకందరికీ ఆయన అమీర్ సాబ్, అంటే మా పెద్ద.

నంద్యాల వైపు మనిషి. రియాద్‌లో ఒక సౌదీ కుటుంబానికి ఇంటి డ్రైవరు. శుక్రవారం జుమా నమాజు కాగానే ఆ కుటుంబాన్ని వాళ్ళ నాయనమ్మ గారింట్లో భోజనానికి దింపేవాడు. మళ్ళీ సాయంత్రపు అస్ర్ నమాజు తర్వాత ఆ ఇంటి మేడం ఫోన్ చేసేదాకా ఆ కాస్త సమయమే ఆయనది. ఆ సమయంలోనే మలాజ్‌లో హమీద్ భాయ్ అద్దె గదిలో మా తెలుగు దర్సు జరిగేది. దైవగ్రంథంలోంచి కొంత భాగం తెలుగులో వంతులవారీగా చదివి, అర్థం చెప్పుకొని, దువా చేసి లేచే చిన్న సభ అది. నేను మదరసాలో కొన్నేళ్ళు చదివినవాణ్ణి కనుక అర్థం చెప్పే పని నాకు అప్పగించారు. సభను నడిపించే పని ఆయనది.

ఆ సభను మొదలుపెట్టింది ఆయనా హమీద్ భాయే. హమీద్ భాయ్ జగిత్యాల వైపు మనిషి, ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రీషియన్. వాళ్ళిద్దరి పరిచయం ఎలా అయిందో హమీద్ భాయ్ కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ఏదో మసీదులో మగ్రిబ్ తర్వాత విడిగా సున్నత్ నమాజు చదువుకుంటుంటే, పక్కన నేలకు నుదురానించి సజ్దాలో ఉన్న మనిషి సన్నగా తెలుగులో ఏదో అడుక్కుంటున్నాడట. "చుట్టూ అరబ్బీ, ఉర్దూ. గండ్ల నుంచి తెలుగు. ఎట్లనో సలాం తిప్పి నమాజు ముగించిన. తిప్పంగనే గాయన చెయ్యి పట్టుకున్న" అనేవాడు. అమీర్ సాబ్ గుమ్మం దగ్గర నిలబడి, అల్లాహ్‌తో మాట్లాడుతుంటే చాటుగా విన్నాడు, దొంగ అనేవాడు. ఈ మాటల దగ్గర మేము ప్రతిసారీ నవ్వేవాళ్ళం.

గుమ్మం దగ్గర నిలబడి అన్నాను కదా. ఆయన కూర్చునేవాడు కాదు. ఎంత బతిమాలినా తివాచీ మీదికి వచ్చేవాడు కాదు. చెప్పుల పక్కన గోడకు భుజం ఆనించి, బండి తాళంచెవి చూపుడు వేలికి తగిలించుకొని తిప్పుతూ వినేవాడు. ఎందుకలా అంటే, కూర్చుంటే మేడం ఫోన్ వస్తుందబ్బా అనేవాడు. అది ఆయనకు నమ్మకమో హాస్యమో మాకు చివరిదాకా తెలియలేదు. దర్సులో నరకం ప్రస్తావన వచ్చినప్పుడు ఆ తాళంచెవి తిరగడం ఆగేది. టీ గ్లాసు కూడా నిలబడే తాగేవాడు. నిలబడి తాగడం సున్నత్, అంటే ప్రవక్త పద్ధతి, కాదు కదా అని నేనొకసారి గుర్తు చేశాను. వెంటనే గొంతుక్కూర్చొని ఒక్క గుక్కలో తాగేసి, లేచి, "ఇప్పుడు సరిపోయిందా మౌలానా" అన్నాడు. నన్ను మౌలానా అనేది ఆయనొక్కడే. కొంత గౌరవం, కొంత వేళాకోళం.

సభలో ఏ నిర్ణయమైనా మష్వరాతోనే జరగాలనేది ఆయన పెట్టిన కట్టుబాటు. కుడివైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరూ తమ అభిప్రాయం చెప్పాలి. ఒకరు చెప్పిందాన్ని ఇంకొకరు ఖండించకూడదు. చేతులెత్తి లెక్కపెట్టడం లేదు. అందరివీ విన్నాక అమీరు ఒక మాట చెబుతాడు. ఆ తర్వాత ఓడిపోయిన అభిప్రాయం గలవాడు కూడా దాన్ని తన మాటగానే చేసుకోవాలి, నేను ముందే చెప్పాను అని ఎన్నడూ అనకూడదు. గది ఏసీ చెడిపోయినప్పుడు బాగుచేయించాలా, పాతది ఇంకొకటి కొనాలా అనే దాని మీద కూడా మష్వరా జరిగింది. ఎలక్ట్రీషియన్‌నైన నేనుండగా కొనడమేమిటని హమీద్ భాయ్ వాదన. అమీర్ సాబ్ కొనమన్నాడు. ఆ ఏసీని భుజం మీద పెట్టుకొని మెట్లెక్కించినవాడు హమీద్ భాయే.

కానీ తీర్పు చెప్పడం ఆయనకు ఎంత కష్టమో దగ్గరున్నవాళ్ళకే తెలుసు. అందరూ చెప్పడం అయిపోయాక "ఇంకెవరైనా?" అని అడిగేవాడు. కాసేపాగి మళ్ళీ అడిగేవాడు. నోరు తెరవని వాళ్ళ వైపు చూసి మళ్ళీ అడిగేవాడు. ఎవరి మనసులోనైనా ఒక మాట మిగిలిపోతే అది రేపు తన మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం.

అలాంటి సభలోకి రాష్ట్రం గొడవ వచ్చింది.

తెలంగాణ విడిపోవాలా, ఆంధ్రప్రదేశ్ ఒకటిగా ఉండాలా అని ఊళ్ళలో బంద్‌లు జరుగుతున్న రోజులవి. ఈ దేశంలో జెండా పట్టుకొని రోడ్డెక్కే వీలు లేదు. అందుకని ఆ ఊరేగింపులన్నీ మా గదుల్లోనే, మా టీ గ్లాసుల మధ్యనే జరిగాయి. దర్సుకు ముందు అదే మాట, దర్సయ్యాక అదే మాట. కర్నూలు నుంచి వచ్చిన ఖాదర్ బత్హాలో ఒక ఫోన్ల దుకాణంలో పనిచేసేవాడు. వాళ్ళ తమ్ముడు హైదరాబాద్‌లో అంగడి పెట్టుకున్నాడు. అందరం కలిసి పెంచుకున్న ఊరు రేపు మాకు పరాయిదైపోతుందా అని ఖాదర్ బాధ. మా ఊళ్ళో బోర్లు ఎండిపోయి ఇక్కడికొచ్చాం, కలిసి ఉన్నన్నాళ్ళూ మా తరఫున ఎవరడిగారు అని హమీద్ భాయ్ బాధ. రెండూ నిజమైన బాధలే. దైవసాక్షిగా చెబుతున్నాను, ఆ గదిలో అబద్ధం చెప్పినవాడు ఒక్కడూ లేడు. అయినా శుక్రవారం శుక్రవారానికీ గొంతులు పెరిగాయి.

మధ్యలో ఇంకో వార్త వచ్చింది. కర్నూలు, అనంతపురం జిల్లాలను తెలంగాణతో కలిపి రాయల తెలంగాణ చేస్తారని. నంద్యాల అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఆ వారం అమీర్ సాబ్ ముఖంలో ఒక వెలుగు చూశాను. "అట్లయితే మేం కూడా మీతోనే వస్తాం హమీద్. మమ్మల్ని ఏసీ మోసినట్టు మోసుకుపో" అన్నాడు. హమీద్ భాయ్ నవ్వాడు. ఖాదర్ నవ్వలేదు. "మనల్ని నడుమ కోసి వాళ్ళకు అతికిస్తారంట. బట్టలు కుట్టినట్టు ఉండాదే" అన్నాడు. ఆ వార్త కొన్నాళ్ళకు చల్లారిపోయింది.

గది విరిగింది మాత్రం రాష్ట్రం మాట దగ్గర కాదు, దర్సు మధ్యలో. ఆ రోజు చదివే వంతు హమీద్ భాయ్‌ది. ఆయన తెలుగు అనువాదాన్ని ఉన్నదున్నట్టు చదివి, ఆ వాక్యాన్నే మళ్ళీ తన మాటల్లో చెప్పుకునేవాడు. ఆయనకు అలా చెప్పుకుంటేనే మనసుకెక్కేది. ఎప్పుడూ చేసేదే. ఆ రోజు మాత్రం ఖాదర్ పక్కన కూర్చున్నవాడొకడు కిసుక్కున నవ్వి, "హమీద్ భాయ్, ఇది దైవవాక్యమప్పా, జగిత్యాల బస్టాండు కాదు" అన్నాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. హమీద్ భాయ్ గ్రంథాన్ని మూసి, ముద్దుపెట్టుకొని, అలమరలో పైన పెట్టి, టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళాడు. ఆ రోజు టీలో చక్కెర లేదు. ఎవరూ అడగలేదు.

అందరూ వెళ్ళాక హమీద్ భాయ్ అమీర్ సాబ్‌తో అన్నాడు: "మాకు వేరే దర్సు కావాలె భాయ్. గీ గదిల అందరం ఒకటే అంటరు. చాయ్ మాత్రం ఎప్పటికీ నేనే పెడత. చదివితె నవ్వుతరు. అక్కడ రాష్ట్రంల జరిగేది ఇదే, ఇక్కడ జరిగేదీ ఇదే."

 మేడం ఫోన్ వస్తోందని అమీర్ సాబ్ వెళ్ళిపోయాడు. నేను మెట్ల మీదే ఉన్నాను. ఆయన ఫోన్ మోగలేదు.

ఆ తర్వాతి రోజులు ఆయన నిలకడ తప్పిపోయాడు. పిల్లల బడి గేటు దగ్గరనుంచి, ఆసుపత్రి పార్కింగ్ నుంచి, మేడం బజారు చేస్తుంటే బయట బండిలోంచి నాకు ఫోన్ చేసేవాడు. సగం మాట చెప్పి, వస్తున్నారు వస్తున్నారు అని పెట్టేసేవాడు. మిగతా సగం ఇంకో చోటనుంచి చెప్పేవాడు. విశ్వాసులందరూ ఒకే తాడు పట్టుకోవాలన్న ఆజ్ఞ ఉంది కదా మౌలానా, ఈ గది విడిపోతే అది పాపమా అని అడిగేవాడు. విడిపోవడం పాపమని నేను చెప్పాను. గంట తిరక్కుండా మళ్ళీ ఫోన్: అయితే అవమానపడుతున్నవాణ్ణి ఆ తాడుకే కట్టేసి ఉంచడం?  ఖాదర్‌కు ఫోన్ చేసి, నవ్వినవాడి చేత క్షమాపణ చెప్పించాడు. క్షమాపణ హమీద్ భాయ్ తీసుకున్నాడు, నిర్ణయం మాత్రం మార్చుకోలేదు. ఇది నవ్వు గురించి కాదన్నాడు.

చివరికి ఒక శుక్రవారం అమీర్ సాబ్ అందరికీ ఒక పని అప్పగించాడు. దర్సు ఒకటిగా ఉండాలా, రెండు కావాలా అనే దాని మీద వచ్చే వారం మష్వరా. ఈలోగా ప్రతి ఒక్కరూ ఇస్తిఖారా చేయాలి. ఇస్తిఖారా అంటే రెండు రకాతుల నమాజు చదివి, ఓ అల్లాహ్, నాకు ఏది మేలో నీకు తెలుసు, నాకు తెలియదు, మేలైనదాని వైపు నన్ను తిప్పు అని అడగడం. కల రావాలని ఎక్కడా లేదు. కానీ మా ఊళ్ళలో ఇస్తిఖారా చేసినవాడికి ఆ రాత్రి కలలో సమాధానం కనబడుతుందని, తెలుపో పచ్చో కనబడితే మంచిదని, ఎరుపో నలుపో కనబడితే కాదని చెప్పుకుంటారు. ఆ విషయం నేను ముందే వివరించి ఉండాల్సింది. నాకూ తోచలేదు.

ఆ మరుసటి శుక్రవారం గది నిండిపోయింది. కుడివైపు నుంచి మొదలుపెట్టారు. మొదటివాడికి పచ్చని చేను కనబడిందట, కనుక విడిపోవాలి. ఆయనది నిజామాబాద్. తర్వాతివాడికి కర్నూలు దగ్గర తుంగభద్ర వంతెన కూలి జనమంతా నీళ్ళలో పడినట్టు కల, కనుక కలిసి ఉండాలి. అది ఖాదర్. హమీద్ భాయ్‌కి వాళ్ళ ఊరి కాలువ గట్టు దాకా నీళ్ళు వచ్చినట్టు కనబడింది. కడప నుంచి వచ్చిన మా బంధువొకడికి వాళ్ళ యజమాని కఫీలు స్వయంగా అందరికీ ఒకే పళ్ళెంలో కబ్సా అన్నం వడ్డిస్తున్నట్టు కల. ఇంకొకడికి కలే రాలేదట, కానీ వారమంతా ఎటు చూసినా గులాబీ రంగే కనబడుతోందట. ఎవరి కల వాళ్ళ జిల్లాను దాటి బయటికి పోలేదు. నా వంతు వచ్చినప్పుడు నేను కల చెప్పలేదు, కలిసి ఉండాలి అని మాత్రం అన్నాను.

అమీర్ సాబ్ గోడకు ఆనుకొని అన్నీ విన్నాడు. తాళంచెవి తిరగడం ఎప్పుడో ఆగిపోయింది.

"అల్లాహ్‌ను సలహా అడిగి రమ్మంటిని" అన్నాడు. "మీరంతా అల్లాహ్‌కే సలహా చెప్పి వచ్చినారు."

 అలవాటు ప్రకారం ఇంకెవరైనా అని అడిగాడు. ఎవరూ లేరు. రెండోసారి అడగలేదు. అప్పుడు ఆయన వచ్చి తివాచీ మధ్యలో కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన అలా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

నికాహ్ గురించి చెప్పాడు. ఇద్దరి మధ్య పొసగనప్పుడు అటువైపు నుంచి ఒక పెద్దమనిషి, ఇటువైపు నుంచి ఒక పెద్దమనిషి కూర్చొని కలపడానికి చూడమని ధర్మం చెబుతుంది. అది కుదరకపోతే, ఉంచుకునేవాడు మర్యాదగా ఉంచుకోవాలి, పంపేవాడు మేలుచేసి పంపాలి. బాధపెట్టడానికి కట్టేసి ఉంచుకోకూడదు. అంత పవిత్రమైన బంధానికే ఆ తలుపు తెరిచి పెట్టినప్పుడు, ఒక రాష్ట్రానికీ ఒక దర్సుకూ దాన్ని మూసే అధికారం మనకెక్కడిది అన్నాడు. రాష్ట్రం సంగతి ఢిల్లీవాళ్ళు చూసుకుంటారు, వాళ్ళు మనల్ని అడగలేదు. అల్లాహ్ మనల్ని అడిగేది ఈ గది గురించే. హమీద్ వాళ్ళను పోనీండి.

"గది హమీద్‌ది. వాళ్ళు ఈడనే ఉంటారు. కలిసి ఉండాలన్నోళ్ళం మనమే లేచి ఇంకో చోటు చూసుకుందాం" అని ముగించాడు.

ఖాదర్ ఉండబట్టలేకపోయాడు. "ఇదేం న్యాయం అమీర్ సాబ్? విడిపోతామన్నోళ్ళు కూర్చోవాల, కలిసి ఉందామన్నోళ్ళు పోవాల్నా?"

"అవునప్పా. కలిసి ఉందామని అంత ప్రేమ ఉన్నోళ్ళకు ఈ మాత్రం కష్టం ఉంటాది."

అంతలో నిజంగానే మేడం ఫోన్ చేసింది. ఆయన లేచి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు. ఆయన తీర్పు మా మధ్య మిగిలిపోయింది. హమీద్ భాయ్ ఏడుస్తున్నాడు. గెలిచినవాడు ఎందుకు ఏడుస్తున్నాడని ఖాదర్ గొణిగాడు కానీ, ఆ గొంతులో కూడా ఉక్రోషం లేదు. మష్వరా కట్టుబాటు ప్రకారం నేను లేచి, ఇది నా మాట అన్నాను. అనాలి కనుక అన్నాను. గ్రంథాలూ తివాచీ ఎలా పంచుకోవాలని ఎవరో అడిగారు. ఖాదరే అన్నీ వదిలేసి రండి అన్నాడు.

అప్పటినుంచి మలాజ్ దర్సు మలాజ్‌లో, మా దర్సు బత్హాలో ఖాదర్ దుకాణం పై గదిలో. రెండింటికీ అమీరు ఆయనే. ఎవరూ వేరే మనిషిని ఎన్నుకోలేదు. ఉన్న ఆ కొద్ది సమయంలో సగం అక్కడ, సగం ఇక్కడ. మలాజ్‌లో చదువు మొదలయ్యేసరికి ఉండేవాడు, అర్థం చెప్పేసరికి లేచిపోయేవాడు. బత్హాకు దువా వేళకు వచ్చేవాడు, మొదట్లో ఏం చదివారని చెవిలో అడిగేవాడు. దారిలో సిగ్నళ్ళ దగ్గర ఆగినప్పుడు నాకు ఫోన్ చేసి బయలుదేరినా, బయలుదేరినా అనేవాడు. ఒక దర్సు కూడా మొత్తం వినకుండానే ఆయన శుక్రవారాలు గడిచాయి. ఎందుకీ పరుగు, ఒక వారం అక్కడ, ఒక వారం ఇక్కడ పెట్టుకోండని చెప్పి చూశాను. ఆ వారం రెండోవాళ్ళ దగ్గర నేను లేకపోతే ఏమన్నా అయితే అన్నాడు. ఏమవుతుందో ఆయనా చెప్పలేదు.

పార్లమెంటులో బిల్లు నెగ్గిన వారం గుర్తుంది. శుక్రవారం మలాజ్ గదిలో లడ్డూలు పంచుకున్నారు. బత్హాలో మేము దర్సు చదవకుండా ఊరికే కూర్చున్నాం. ఖాదర్ వాళ్ళ తమ్ముడితో పొద్దున్నే మాట్లాడి, ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేడు. అమీర్ సాబ్ వచ్చాడు. చొక్కా మీద లడ్డూ పొడి ఉంది, చూసుకోలేదు. ఖాదర్ దాన్ని చూశాడు.

"ఆడ లడ్డు తిని ఈడ ఏడ్సడానికి వచ్చినారా అమీర్ సాబ్?"

"తిన్నా. బాగుండె" అన్నాడు ఆయన. "ఏడ్సడానికే వచ్చినా. రెండూ చేయకూడదా?"

ఆ తర్వాత కొన్నేళ్ళకు అమీర్ సాబ్ కఫీలు తండ్రికి జబ్బు చేసింది. ఆ ముసలాయనకు బురైదాలో ఖర్జూరపు తోట ఉంది. ఆయన్ను చూసుకోవడానికి, తోట బండి నడపడానికి అమీర్ సాబ్‌ను అక్కడికి పంపారు. వెళ్ళే ముందు రెండు గదుల్లోనూ వేర్వేరు మనుషుల్ని అమీర్లుగా పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత రెండు సభలూ ఒకరికొకరు పూర్తిగా దూరమైపోయాయి. శత్రుత్వమేమీ లేదు. కనబడితే సలాం చెప్పుకుంటారు. అంతే.

కోత రోజుల్లో ఒకసారి ఆయన్ను చూడటానికి బురైదా వెళ్ళాను. ముసలాయన నిద్రపోతున్నాడు. షెడ్డులో బంగ్లాదేశీలు కాయలు ఏరుతున్నారు. అమీర్ సాబ్ నన్ను ఒక పెట్టె మీద కూర్చోబెట్టి, తాను మాత్రం పెట్టెల్ని ఒక వరసలోంచి తీసి ఇంకో వరసలో పెడుతూ మాట్లాడాడు. ఆ పెట్టెలు అటు పెట్టాల్సిన పని లేదని పక్కనున్న బంగ్లాదేశీ ఉర్దూలో చెప్పినా వినలేదు. మలాజ్‌లో ఎందరు వస్తున్నారు, బత్హాలో ఎవరు చదువుతున్నారు అని అడిగాడు. మలాజ్ గది కిటకిటలాడుతోందని, బత్హాలో పలచబడ్డామని చెప్పాను. హమీద్ భాయ్ ఇప్పుడు చదివి తన మాటల్లో అర్థం కూడా చెబుతున్నాడని, బాగా చెబుతున్నాడని అన్నాను. ఆయన చేతిలో పెట్టె పట్టుకొని అలాగే ఆగిపోయాడు.

"మౌలానా, ఆ వారం నేనూ ఇస్తిఖారా చేసినా" అన్నాడు. "ఏమడిగినానో తెలుసా? రాయల తెలంగాణ కానీ స్వామీ అని అడిగినా. మా జిల్లా పోయి వాళ్ళల్లో కలిస్తే హమీద్ మాటా నెగ్గుతాది, నేనూ వాణ్ణి వదిలేది ఉండదు. మిమ్మల్ని తిట్టినా గానీ, మొదట సలహా చెప్పినోణ్ణి నేనే."

నేను ఆయనను ఊరడించాలని, మాకు చదువు చెప్పిన పెద్దల దగ్గర విన్న ప్రవక్త మాట గుర్తు చేశాను. తీర్పు చెప్పేవాడు శాయశక్తులా ఆలోచించి చెప్పినప్పుడు, అది సరైందైతే ఆయనకు రెండు పుణ్యాలు. తప్పైనా ఒక పుణ్యం ఉంటుంది. కనుక మీకు నష్టం లేదన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది తీర్పు చెప్పినోళ్ళకు. నేను చెప్పలేదబ్బా. ఆ పొద్దు నాకు ఏమీ తోచలేదు. ఇంక పట్టుకోలేక, అలిసిపోయి వదిలేసినా. నికాహ్ మాట అప్పుడు నోటికొచ్చింది. మంచి మాటే గదా, అందరూ నమ్మినారు. హమీద్ గూడా నమ్మినాడు."

ముసలాయన లేచాడని లోపలినుంచి పిలుపు వచ్చింది. ఆయన వెళ్ళాడు. మళ్ళీ మేము ఏకాంతంగా కలిసింది లేదు.

కాగితాల పని తేలి ఖననం జరగడానికి కొన్ని రోజులు పట్టింది. మేము రియాద్ నుంచి రెండు బండ్లలో వెళ్ళాం, మలాజ్ వాళ్ళు ఒకదానిలో, బత్హా వాళ్ళు ఒకదానిలో. అస్ర్ తర్వాత జనాజా నమాజు జరిగింది. మట్టి పోయడం అయ్యాక అందరూ బండ్ల వైపు నడుస్తుంటే హమీద్ భాయ్ నా చెయ్యి పట్టుకొని వెనక్కి లాగాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. చేతులకు ఇంకా మట్టి ఉంది.

"నువ్వు గాయన దగ్గరికి పోయొచ్చినవు గద భాయ్. ఒక్క మాట చెప్పు. ఆనాడు మమ్ముల మనసారనే పంపిండా?"

నేను ఏం చెప్పాలి? నిజం ఆయనది, నా దగ్గర దాచిపెట్టిన అమానత్‌గా ఉంది. మీ గురించి దువా చేయకుండా ఒక్క నమాజు కూడా ముగించలేదట అన్నాను. అది అబద్ధం కాదు, తోటలో ఆయన పక్కన మగ్రిబ్ చదివిన బంగ్లాదేశీ ఒకడు, దువాలో హమీద్ పేరు వినబడేదని నాతో చెప్పాడు.

"నేనడిగిన మాటకు గది జవాబు కాదు" అన్నాడు హమీద్ భాయ్.

తర్వాత ఆయనే, నా జవాబు కోసం ఆగకుండా, సమాధి వైపు తిరిగి చేతులెత్తాడు. నేనూ ఎత్తాను. దూరంగా బండి దగ్గర నిలబడి ఉన్న ఖాదర్ మమ్మల్ని చూసి అక్కడే ఆగి చేతులెత్తాడు. దగ్గరికి రాలేదు. ఎవరం ఏం అడిగామో ఒకరికొకరం వినిపించుకోలేదు.

చదువుతున్న సోదరులారా, సోదరీమణులారా, మీరు ఏ జిల్లా వాళ్ళయినా, విడిపోవాలని కోరుకున్నవాళ్ళయినా, కలిసి ఉండాలని కోరుకున్నవాళ్ళయినా, ఒక్క క్షణం ఆ చేతుల పక్కన మీ చేతులు కూడా పెట్టండి.

ఓ అల్లాహ్, నీ దాసుడు ఒక గదిని రెండుగా చేశాడు. అది మేలో కీడో మాకు తెలియదు, నీకు తెలుసు. తాను తీర్పు చెప్పలేదని, అలిసిపోయానని ఆయన అన్నాడు. ఆ మాటను ఆయన మీద సాక్ష్యంగా తీసుకోకు ప్రభూ. నిద్ర లేకుండా, నిలకడ లేకుండా, బడి గేట్ల దగ్గరా ఆసుపత్రుల బయటా ఆయన పడిన ఆ అలసటనే శాయశక్తులా చేసిన ఆలోచనగా నీ దగ్గర జమ చెయ్యి. హమీద్ భాయ్ మనసులోని ప్రశ్నకు నీవే జవాబివ్వు, మా నోటితో చెప్పించకు. ఆయన సమాధిని విశాలం చెయ్యి.

ఆమీన్ అనండి.